'సద్గతి' కథలో గోండు చెప్పిన మాట: అడవి అంచున ప్రేమ్‌చంద్‌ను చదువుకోవడం

దుమ్ముగూడెం, చర్ల, భద్రాచలం వైపు ఈ పదేళ్లలో పదో తరగతి దాటిన పిల్లలకు ప్రేమ్‌చంద్ పేరు కొత్తేమీ కాదు. ద్వితీయ భాష హిందీ వాచకంలో 'ఈద్గాహ్' పాఠం చదివే ఉంటారు. తల్లిదండ్రులు లేని హమీద్ మూడు పైసలు పట్టుకుని ఈద్ సంతకు పోతాడు. తోటి పిల్లలు మట్టి సిపాయినీ, మట్టి వకీలునూ కొనుక్కుంటే వాడు మాత్రం నాయనమ్మ అమీనా కోసం పట్టకారు కొంటాడు. పెనం మీది రొట్టె తీసేటప్పుడు ఆమె వేళ్లు కాలడం వాడు రోజూ చూస్తున్నాడు మరి. అదే వాచకంలో మన గోదావరి మీద కాకా కాలేల్కర్ రాసిన పాఠం కూడా ఉంది. పరీక్షల కోసం రెండింటినీ బట్టీ పట్టిన పిల్లలు మన హాస్టళ్లలో ఎందరో.

హమీద్ కథ మాకూ ఇష్టమే. అయితే ప్రేమ్‌చంద్ అంటే ఆ ఒక్క కథేనన్నట్టు చదువు ముగిసిపోవడం మాకు వెలితిగా ఉంటుంది. ఠాకూర్ బావి దగ్గర చీకట్లో నక్కిన గంగి, పండితుడి వాకిట్లో మొద్దు చీలుస్తూ చచ్చిపోయిన దుఖీ, జమీందారు కొడుక్కి పాలిచ్చి సొంత బిడ్డను పస్తులుంచిన భుంగీ మన పిల్లలకు పరిచయమే కారు. తమ ఇంటి మనుషుల్లా ఉండే పాత్రలు తమ హిందీ పుస్తకాన్ని రాసినాయన దగ్గరే ఉన్నాయని తెలియకుండానే బడి దాటిపోతారు. ఆ కథల్ని విద్యార్థులకూ కార్యకర్తలకూ ఒకచోట పరిచయం చేద్దామని ఈ వ్యాసం. ప్రేమ్‌చంద్ మీద దళిత రచయితలు పెట్టిన ఫిర్యాదులనూ దాచకుండా చెబుతాం.

ఎవరీయన

ప్రేమ్‌చంద్ అసలు పేరు ధనపత్ రాయ్. 1880 జులై 31న కాశీ పక్కన లమహీ అనే పల్లెలో కాయస్థ కుటుంబంలో పుట్టాడు. తండ్రి తపాలా గుమాస్తా. తల్లి చిన్నప్పుడే పోయింది. బడిపంతులుగా మొదలై, పాఠశాలల తనిఖీ అధికారిగా హమీర్‌పూర్ ప్రాంతపు పల్లెలన్నీ తిరిగాడు. మొదట నవాబ్ రాయ్ పేరుతో ఉర్దూలో రాశాడు. 1908లో వచ్చిన 'సోజె వతన్' కథల సంపుటిని బ్రిటిష్ అధికారులు రాజద్రోహంగా చూశారు. ప్రతులను తగలబెట్టించారు. ఆ తర్వాతే ప్రేమ్‌చంద్ అనే పేరు పెట్టుకున్నాడు. 1921లో గోరఖ్‌పూర్‌లో గాంధీ ప్రసంగం విన్నాక సర్కారు కొలువు వదిలేశాడు. 1936 ఏప్రిల్‌లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించాడు. అదే ఏడాది అక్టోబర్ 8న, 56 ఏళ్ల వయసులో చనిపోయాడు.

సుమారు మూడు వందల కథలు రాశాడు. 'మానసరోవర్' పేరుతో ఎనిమిది సంపుటాలుగా అవి దొరుకుతాయి. అంటరానితనం మీద రాసినవాటిలో ఎక్కువ భాగం ఆయన చివరి పదేళ్లలో వచ్చాయి. అంబేడ్కర్ 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగి చూపించిన కాలమది, 1932లో పూనా ఒప్పందం జరిగిన కాలమది. ఆ వేడి తగలకుండా 'ఠాకూర్ కా కువా', 'సద్గతి' లాంటి కథలు వచ్చి ఉండేవి కావని మా అభిప్రాయం.

ఎందుకంత నిజంగా ఉంటాయి

ప్రేమ్‌చంద్ కథల్లో మనుషులు మన వాకిట్లో నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంటారని అందరూ అంటారు. అదెలా సాధ్యమైందో చూడాలంటే ఆయన లెక్కల్ని గమనించాలి. పేదరికం గురించి ఆయన ఉపన్యాసం ఇవ్వడు. చేతిలో ఎన్ని పైసలున్నాయో, ఎవరికి ఎంత బాకీయో, ఏ వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎలా పోతుందో చెబుతాడు.

'పూస్ కీ రాత్' (1930)లో హల్కూ కంబళి కొనుక్కోవడానికి కూలి డబ్బుల్లోంచి మూడు రూపాయలు దాచుకుంటాడు. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే ఆ మూడు రూపాయలూ ఇచ్చేయాల్సి వస్తుంది. పుష్యమాసపు చలిలో, కుక్క జబ్రాను ఒళ్లో పెట్టుకుని పొలం కాపలాకు పోతాడు. ఎండుటాకులు పోగేసి మంట వేసుకుంటాడు. నీల్‌గాయ్‌లు చేలో పడి మేస్తున్న చప్పుడు వినిపిస్తున్నా ఆ వెచ్చదనం వదిలి లేవలేడు. పొద్దున పంటంతా పోయింది చూడమని భార్య మున్నీ ఏడుస్తుంటే, ఇక ఈ చలిలో రాత్రుళ్లు పడుకోవాల్సిన పని లేదని అతని ముఖంలో ఒక తేటదనం కనిపిస్తుంది. పోడు చేలల్లో మంచె మీద కూర్చుని అడవి పందుల్ని తోలిన వాళ్లకు ఈ ముగింపు విడమర్చి చెప్పనక్కర్లేదు. రైతు పొలాన్ని ప్రేమిస్తాడన్న మాట ఎంత నిజమో, ఆ పొలం అతన్ని చంపుతుంటే పోతే పోనీ అనుకుంటాడన్నదీ అంతే నిజం.

'సవా సేర్ గేహూఁ' (1924) కథలో శంకర్ అనే కుర్మీ రైతు ఇంటికి ఒక సాధువు వస్తాడు. బార్లీ రొట్టెలాంటి ముతక తిండి పెడితే బాగుండదని ఊరి బ్రాహ్మణుడి దగ్గర సేరుంపావు గోధుమలు బదులు తెస్తాడు. తర్వాత ఏటా ఆయనకిచ్చే ధాన్యంలోనే కొంత ఎక్కువ కొలిచి, బాకీ తీరిందనుకుంటాడు. ఏడేళ్ల తర్వాత ఆ మహారాజు పిలిచి, నీ బాకీ ఐదున్నర మణుగులైందంటాడు. దాన్ని అరవై రూపాయల పత్రంగా మారుస్తాడు. శంకర్ ఏడాదంతా కడుపు మాడ్చుకుని అరవై రూపాయలూ తెచ్చిస్తే, వడ్డీ పదిహేను మిగిలిందంటాడు. ఆ పదిహేను పెరిగి పెరిగి శంకర్‌ను ఇరవై ఏళ్లు వెట్టివాణ్ణి చేస్తాయి. అతను చచ్చాక కొడుకు మెడకు చుట్టుకుంటాయి. కథ చివర ప్రేమ్‌చంద్ పాఠకుడి వైపు తిరిగి, ఇది కల్పన అనుకోవద్దు, జరిగిందే అని చెబుతాడు.

ఖమ్మం పల్లెల్లో జీతగాళ్లుగా బతికిన కుటుంబాలకు ఈ లెక్క కొత్త కాదు. దేశంలో వెట్టి చాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. వెట్టికి దేశమంతటా ఉన్న పేర్లను ఆ చట్టం వరసగా రాసింది. ఆ జాబితాలో 'భగేలా', 'జీతా', 'పాలేరు', 'వెట్టి' ఉన్నాయి. మన ఇళ్లలో తాతల నోట విన్న మాటలే. శంకర్ పత్రం మీద వేలిముద్ర వేసిన కథకూ ఈ చట్టానికీ మధ్య 52 ఏళ్లు గడిచాయి.

నీళ్లు, పాలు

'ఠాకూర్ కా కువా' (1932) మూడు నాలుగు పేజీలు మించని కథ. జోఖూ జ్వరంతో పడి ఉన్నాడు. కుండలో నీళ్లు కంపు కొడుతున్నాయి, ఏదో జంతువు బావిలో పడి చచ్చినట్టుంది. భార్య గంగి రాత్రిపూట ఠాకూర్ బావికి పోతుంది. నీళ్లు మరగబెడితే చెడు పోతుందన్న సంగతి ఆమెకు తెలియదని ప్రేమ్‌చంద్ ఒక ముక్కలో చెప్పి వదిలేస్తాడు. బావినే కాదు, చదువునూ అందకుండా చేశారని ఆ ఒక్క ముక్క చెబుతుంది. చెట్టు నీడలో నక్కిన గంగి ఆలోచనలో పడుతుంది: మేమెందుకు తక్కువ, వీళ్లెందుకు ఎక్కువ? దొంగతనాలూ మోసాలూ అబద్ధపు కేసులూ వీళ్లవే కదా? చివరికి చేద పైదాకా వస్తుంది, చేత్తో పట్టుకోబోతుంది. సరిగ్గా అప్పుడే ఠాకూర్ ఇంటి తలుపు తెరుచుకుంటుంది. తాడు చేతిలోంచి జారుతుంది, చేద దభేలున నీళ్లలో పడుతుంది. ఆమె పరుగున ఇల్లు చేరేసరికి జోఖూ ఆ కంపు నీళ్లే తాగుతుంటాడు.

'దూధ్ కా దామ్' (1934)లో భుంగీ పాకీపని చేసే కులపు మంత్రసాని. జమీందారు మహేశ్‌నాథ్ భార్యకు పాలు పడకపోతే వాళ్ల కొడుక్కి భుంగీయే పాలు పడుతుంది. ఆమె కొడుకు మంగల్ మాత్రం పస్తులుంటాడు. ఆ ఇంటి మోరీ శుభ్రం చేస్తుంటే పాము కరిచి భుంగీ చచ్చిపోతుంది. అనాథ మంగల్ ఆ ఇంటి ఎంగిలి మీద, ఎదురుగా ఉన్న వేపచెట్టు కింద, ఒక కుక్క తోడుగా బతుకుతాడు. ఒకనాడు జమీందారు కొడుకు సురేశ్ గుర్రం ఆటకు పిలుస్తాడు. ఎప్పుడూ నేనే గుర్రమా, నాకూ ఎక్కే వంతు వస్తుందా అని మంగల్ అడుగుతాడు. పిల్లాడి నోట వచ్చిన ఈ ప్రశ్నకు పెద్ద పెద్ద సిద్ధాంత గ్రంథాలు కూడా ఇంకా జవాబు వెతుకుతూనే ఉన్నాయి.

'సద్గతి': మొద్దు, నిప్పు, తాడు

1931లో వచ్చిన 'సద్గతి'ని మేం అన్నిటికన్నా ముందు ఉంచుతాం. దుఖీ చమార్ కులస్థుడు. కూతురి పెళ్లి నిశ్చయానికి ముహూర్తం పెట్టించడానికి పండిత్ ఘాసీరామ్‌ను పిలవాలి. వట్టి చేతులతో ఎలా పోతాం అని గడ్డిమోపు కోసుకుని పోతాడు. పండితుడు వాకిలి ఊడవమంటాడు, గది అలకమంటాడు, గాదె దగ్గరి పొట్టు మోయమంటాడు, వాకిట్లో పడి ఉన్న మొద్దును చీల్చమంటాడు. పొద్దుటి నుంచి దుఖీ కడుపులో ముద్ద పడలేదు. మొద్దులో గట్టి ముడి ఉంది. అతను గడ్డి కోసే మనిషి, గొడ్డలి పని అలవాటు లేదు.

చిలుం కోసం కాస్త నిప్పు అడుగుతాడు. పండితుడి భార్య పట్టకారుతో నిప్పు తెచ్చి దూరం నుంచి విసురుతుంది. పెద్ద కణిక దుఖీ తల మీద పడుతుంది. బ్రాహ్మణుడి ఇంటిని మైల చేసినందుకు దేవుడు వెంటనే శిక్ష వేశాడని అతను అనుకుంటాడు. 'ఈద్గాహ్' లోనూ పట్టకారే ఉంది, అక్కడ అది నాయనమ్మ వేళ్లను కాపాడింది. ఈ ఇంట్లో ఒక మనిషిని తాకకుండా ఉండటానికి పనికొచ్చింది. అన్నం పెట్టాలా అన్న మాట కూడా ఆ ఇంట్లో వస్తుంది. వాడికి రెండు మూడు రొట్టెలు సరిపోవు, సేరు పిండైనా కావాలని లెక్క వేసుకుని ఊరుకుంటారు.

చివరికి మొద్దు చీలుతుంది, దుఖీ కూలిపోతాడు. శవం పడి ఉన్న చోటు మీదుగానే బావికి దారి. ఊళ్లో బ్రాహ్మణులకు నీళ్లు తెచ్చుకునే వీలు లేకుండా పోతుంది. పండితుడు చమార్ల వాడకు కబురు పెడతాడు. ఒక్కరూ శవం ఎత్తడానికి రారు. తెల్లవారుజామున, ఇంకా మసక ఉండగానే, పండితుడు శవం కాలికి ఉచ్చు బిగించి ఊరి బయటికి ఈడ్చి పారేస్తాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, గంగాజలం చల్లుకుంటాడు. పొలంలో శవాన్ని నక్కలూ గద్దలూ కాకులూ పీక్కు తింటాయి. జీవితమంతా భక్తితో, విశ్వాసంతో సేవ చేసినందుకు అతనికి దక్కిన సద్గతి అదేనని కథ ముగుస్తుంది.

ఈ కథను సత్యజిత్ రాయ్ 1981లో దూరదర్శన్ కోసం సినిమాగా తీశారు. దుఖీగా ఓం పురి, అతని భార్యగా స్మితా పాటిల్, పండితుడిగా మోహన్ ఆగాషే నటించారు. కాశీ మైదానాల కథను రాయ్ ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో తీశారు. అప్పటికది మధ్యప్రదేశ్. మిరపకాయలు ఏరడానికి ఏటా మన చేలకు వచ్చే కూలీల రాష్ట్రమే అది.

గోండు ఏం చెప్పాడు

చమార్లు శవం ఎత్తడానికి ఎందుకు రాలేదు? ఇంత భయపడే మనుషులు ఆ రోజు పండితుడి కబురును ఎలా కాదనగలిగారు? దానికి కారణం కథలో ఒక గోండు.

దుఖీ మొద్దుతో తంటాలు పడుతుంటే ఈ గోండు వచ్చి చూస్తాడు. పొగాకు అందించిన వాడు అతనే. గొడ్డలి తీసుకుని తానూ నాలుగు దెబ్బలు వేస్తాడు, మొద్దు చీలదు. వీళ్లు నీకు తిండైనా పెట్టారా, పని చేయించుకోవడమేనా, పోయి అడగవేం అని నిలదీస్తాడు. దుఖీ చచ్చిపోయాక నేరుగా చమార్ల వాడకు పోయి, ఎవరూ శవం ముట్టుకోవద్దు, పోలీసుల విచారణ జరగాలి, పేదవాడి ప్రాణం తీయడం పరాచికమా, శవం ఎత్తితే మీరే ఇరుక్కుంటారు అని హెచ్చరిస్తాడు. దుఖీ చావు హత్యేనని కథ మొత్తంలో అన్నది అతనొక్కడే. సాక్ష్యం చెదరకూడదని తెలిసిందీ అతనొక్కడికే.

విమర్శకులు ఈ పాత్రను చాలాసార్లు పక్కపాత్రగా దాటేస్తారు. కోయ వాళ్లూ దళితులూ ఒకే సంతలో కలిసి తిరిగే చోట నిలబడి చదివితే అలా దాటడం కుదరదు. కోయ భాష గోండీకి చుట్టం. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. కాశీ ప్రాంతపు గోండులు ఊళ్లలోనే ఉంటూ వేరే వృత్తులు చేసుకున్న సమూహం. బస్తర్ గోండులూ మన కోయలూ ఉండే పరిస్థితి వేరు. వారణాసి, గాజీపూర్, మీర్జాపూర్ లాంటి జిల్లాల గోండులు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చింది కూడా 2002 చట్ట సవరణతోనే.

ప్రేమ్‌చంద్ ఈ ఇద్దరి మధ్య తేడాను దాచలేదు. పండితుడికి ఇవ్వాల్సిన పిండీ బియ్యమూ చమార్ల చేయి తగలకూడదు కనక, గోండు అమ్మాయిని తోడు తీసుకుని షావుకారు కొట్టు నుంచి తెప్పించమని దుఖీయే కథ మొదట్లో చెబుతాడు. అంటే గోండుకు ఒక మెట్టు పైన చోటుంది. ఆ మెట్టు దిగి వచ్చాడు కాబట్టే అతని మాటకు విలువ.

మన ఏజెన్సీలో ఈ మెట్లు లేవని మేం అనం. దళితులకూ ఆదివాసులకూ మధ్య భూమి పేచీలున్నాయి. 1/70 చట్టం కింద ఏజెన్సీలో దళితులు గిరిజనేతరులే. ఆ చట్టం ఆదివాసుల భూమికి కంచె, దాన్ని కాపాడుకోవాల్సిందే. 2006 అటవీ హక్కుల చట్టంలో ఆదివాసులు 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉంటే చాలు. అదే అడవిలో బతికే దళిత కుటుంబం మాత్రం మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. సెంటు భూమి లేని వాళ్ల దగ్గర 75 ఏళ్ల కాగితాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇలాంటి చోట రెండు సమూహాలను తగవు పెట్టడం పెద్ద మనుషులకు చాలా తేలిక. గోండు చమార్ల వాడకు నడిచి పోయిన ఆ నాలుగు వాక్యాలు అందుకే మాకు విలువైనవి.

'కఫన్' మీద ఫిర్యాదు

ప్రేమ్‌చంద్ మీద దళిత రచయితల ఫిర్యాదుకు కేంద్రం 'కఫన్'. ఉర్దూలో 1935 డిసెంబర్‌లో, హిందీలో 1936 ఏప్రిల్‌లో వచ్చింది. తండ్రి ఘీసూ, కొడుకు మాధవ్ చమార్లు, పని దొంగలు. గుడిసె లోపల మాధవ్ భార్య బుధియా పురిటి నొప్పులతో కొట్టుకుంటుంటే, వీళ్లు బయట కాల్చిన ఆలుగడ్డలు తింటుంటారు. లోపలికి పోతే రెండోవాడు ఎక్కువ తినేస్తాడని ఎవరూ కదలరు. ఆమె చనిపోయాక కఫనుకని ఊళ్లో ఐదు రూపాయలు అడుక్కుని, ఆ డబ్బుతో కల్లుపాకలో తాగి తిని పడిపోతారు.

రాత్రింబవళ్లు కష్టపడే వాళ్ల బతుకు కూడా వీళ్ల కన్నా మెరుగ్గా లేని సమాజంలో ఇలాంటి మనస్తత్వం పుట్టడం వింత కాదని ప్రేమ్‌చంద్ కథలోనే అంటాడు. కానీ దళిత విమర్శకుల ప్రశ్న వేరు. పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషిని వాడలో అలా ఒంటరిగా వదిలేస్తారా? ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఏమైపోయారు? పని దొంగతనాన్ని ఒక కులం పేరుతో ఎందుకు కట్టాలి? మాకూ ఈ ప్రశ్న సబబుగానే తోస్తుంది. మన వాడల్లో పురుడంటే నలుగురు ఆడవాళ్లు చేరని ఇల్లుండదు. ఆకలి లెక్క తప్పని ప్రేమ్‌చంద్ ఇక్కడ వాడ లోపలి బంధుత్వాన్ని చూడలేకపోయాడు. ఆయన చూపు వాడ బయట నుంచి వచ్చింది.

2004 జులై 31న, ఆయన జయంతి నాడే, ఢిల్లీలో భారతీయ దళిత సాహిత్య అకాడమీ కార్యకర్తలు 'రంగభూమి' నవల ప్రతులను తగలబెట్టారు. సూరదాస్ పాత్రను పదేపదే కులం పేరుతో పిలవడం మీద వాళ్ల అభ్యంతరం. డాక్టర్ ధర్మవీర్ ఆయన్ని 'సామంత్ కా మున్షీ' అంటూ పుస్తకమే రాశారు. పుస్తకాన్ని కాల్చడం మా దారి కాదు. కానీ కులం పేరు పిలుపుగా చెవిన పడితే ఒళ్లు ఎలా మండుతుందో తెలిసిన వాళ్లం కనక, ఆ కోపాన్ని తేలిక చేయం.

'కఫన్'కు మన తెలుగుతో ఒక గట్టి ముడి ఉంది. మృణాల్ సేన్ 1977లో ఆ కథను బెంగాలీలోనో హిందీలోనో కాకుండా తెలుగులో 'ఒక ఊరి కథ'గా తీశారు. వాసుదేవరావు, నారాయణరావు, మమతా శంకర్ నటించారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. అందులో తండ్రి వెంకయ్య పని మానేయడానికి ఒక వాదన ఉంటుంది: మన చెమట దొరల గాదెలు నింపడానికే అయితే చెమటోడ్చడం ఎందుకు? ప్రేమ్‌చంద్ సోమరితనంగా చూపినదాన్ని సినిమా ఒక తిరుగుబాటుగా, వికృతమైన తిరుగుబాటుగా మార్చింది. కథనూ సినిమానూ పక్కపక్కన పెట్టి చర్చిస్తే విద్యార్థులకు చాలా దొరుకుతుంది.

వాడ లోపలి గొంతులు

ప్రేమ్‌చంద్ ఆపిన చోట దళిత రచయితలు మొదలుపెట్టారు. ఓంప్రకాశ్ వాల్మీకి (1950-2013) తన కవితకు 'ఠాకూర్ కా కువా' అనే పేరే పెట్టారు. 2023 సెప్టెంబర్‌లో రాజ్యసభలో మహిళా రిజర్వేషన్ బిల్లు చర్చలో మనోజ్ ఝా దాన్ని చదివితే పెద్ద దుమారం రేగింది. ఒక బావి పేరు ఇప్పటికీ అంత మందిని ఉలిక్కిపడేలా చేస్తోందన్న మాట. వాల్మీకి ఆత్మకథ 'జూఠన్' 1997లో వచ్చింది. ఎంగిలి అని దాని అర్థం. మంగల్ తిన్న ఎంగిలి గురించి తిన్నవాడే చెబితే ఎలా ఉంటుందో అందులో చూడొచ్చు.

తెలుగులో కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' కథ ఉంది. గంగి తాడు వదిలేసి పరుగెత్తింది. ఇనాక్ కథలో అవమానపడిన దళిత స్త్రీ పశువు కళేబరంతో ఆ ఊరబావినే వాడుకోలేకుండా చేస్తుంది. కళేబరాలు మోయడం ఎవరి పనిగా అంటగట్టారో వాళ్లే దాన్ని ఆయుధం చేసుకున్నారు. ఒకే బావి చుట్టూ రాసిన ఈ రెండు కథల మధ్య దూరమే దళిత సాహిత్యం నడిచిన దూరం.

కథలు, చట్టం

కార్యకర్తలు ఈ కథల్ని ఇంకో రకంగా కూడా వాడుకోవచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చి, 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. దుఖీనీ గోండునూ ఒకే గొడుగు కిందికి తెచ్చిన చట్టమిది. 2015 సవరణ తర్వాత ఇందులో నేరాల జాబితా పెరిగింది. శిక్షణ తరగతుల్లో సెక్షన్లు వల్లించే బదులు కథ చదివి నేరం ఎక్కడుందో అడగండి.

గంగిని బావి దగ్గరికి రానివ్వకపోవడం: బావి, చెరువు, వాగు లాంటి ఉమ్మడి వనరులను వాడుకోకుండా అడ్డుకోవడం నేరం. దుఖీతో కూలి లేకుండా మొద్దు చీల్పించడం: వెట్టి చేయించడం నేరం, రాజ్యాంగం 23వ అధికరణమూ నిషేధించింది. శవం ఎత్తమని చమార్ల వాడను ఒత్తిడి చేయడం: మనిషి శవాన్ని గానీ పశువు కళేబరాన్ని గానీ మోయమని బలవంతపెట్టడం నేరం. అనుమానాస్పద మరణంలో శవ పంచనామా తప్పనిసరి. నేర విచారణ చట్టంలో 174వ సెక్షన్‌గా ఉన్నది 2024 జులై నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షన్ అయింది. అత్యాచారాల కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలని 1995 నిబంధనలు చెబుతాయి. కేసు నమోదుకు ముందే ప్రాథమిక విచారణ జరగాలని 2018 మార్చిలో సుప్రీంకోర్టు అంటే, ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. అదే ఏడాది పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చి ఆ అడ్డు తీసేసింది.

ఏ వరసలో చదవాలి

కొత్తగా మొదలుపెట్టే విద్యార్థులు 'ఈద్గాహ్' తర్వాత 'ఠాకూర్ కా కువా' చదవండి. చిన్నది, హిందీ కూడా తేలిక. ఆపైన 'పూస్ కీ రాత్', 'సవా సేర్ గేహూఁ', 'దూధ్ కా దామ్'. తర్వాత 'సద్గతి' చదివి రాయ్ సినిమా చూడండి. 'కఫన్'ను చివరికి ఉంచుకోండి, 'ఒక ఊరి కథ'తో కలిపి. ఆ వెంటనే 'జూఠన్', 'ఊరబావి' చదవండి. ప్రేమ్‌చంద్‌ను చదివి అక్కడే ఆగితే, మన గురించి ఇతరులు చెప్పింది విని లేచి వచ్చినట్టే.

'సద్గతి'లో ఇంకొక్క సంగతి ఉంది. గోండు చెప్పిన మాటతో చమార్ల వాడ ఆ రోజంతా గట్టిగా నిలబడింది. ఆడవాళ్లు పండితుడి గుమ్మం దగ్గరికొచ్చి ఏడ్చారు, మగవాళ్లు శవం ముట్టుకోలేదు. కానీ పోలీసులకు కబురు పోలేదు, రాత్రి శవం దగ్గర కాపలా ఎవరూ లేరు. తెల్లవారుజామున తాడు పట్టుకుని వచ్చిన పండితుడికి ఎవరూ అడ్డం రాలేదు, సాక్ష్యం పొలంలో గద్దల పాలైంది. ఏ ఊళ్లోనైనా అలాంటి చావు జరిగిందని తెలిస్తే మనం చేరాల్సింది ఆ రాత్రికే.